సిరా తెలిస్తేనే వెలుతురు: వెలిసిపోయిన దస్తావేజులను కెమెరాతో చదివే పద్ధతి

పాత దస్తావేజు తెచ్చినవారు సాధారణంగా కెమెరా గురించి అడుగుతారు. ఏ కంపెనీది, ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత ఖరీదు అని. నేను వాళ్లను సిరా గురించి అడుగుతాను. రాత ఒకప్పుడు నల్లగా ఉండేదా, నీలంగానా, ఊదాగానా? చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా? కాగితం తడిసిందా, ఎండలో ఉండిపోయిందా, లేక పెట్టెలోనే ఉండి గోధుమరంగుకు తిరిగిందా? మిగతా పనంతా ఈ జవాబుల మీదే ఆధారపడుతుంది.

విశాఖ పాత నగరంలో కురుపాం మార్కెట్ దగ్గర మాకు ఫోటో స్టూడియో ఉంది. నాన్నగారు ఫిలిం కడిగిన డార్క్ రూమ్‌లోనే ఇప్పుడు నేను ఈ పని చేస్తున్నాను. అనకాపల్లి, చోడవరం, భీమిలి వైపు కుటుంబాలవారు ట్రంకు పెట్టెల అడుగున దొరికిన కాగితాలు తెస్తుంటారు. భాగపంపిణీ దస్తావేజులు, ఇనాం పట్టాలు, తాకట్టు పత్రాలు, కరణాల గొలుసుకట్టు (అక్షరాలను ఒకదానితో ఒకటి కలిపేస్తూ రాసే) రాతలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు తడిసినవి వాటిలో చాలానే ఉన్నాయి. కెమెరా వాడకం కొద్దిగా తెలిసి, ఓపిక ఉన్నవారు ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. వాళ్ల కోసమే ఇది.

సూత్రం చిన్నదే. కాగితాన్నీ కెమెరానూ కదపకుండా, ఒక్కో రంగు వెలుతురులో ఒక్కో ఫోటో తీస్తాం. మన కంటికి కనబడే వెలుతురు తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే. దానికి దిగువన అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతి, ఎగువన పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి ఉన్నాయి. కెమెరాలోని సిలికాన్ సెన్సార్ సుమారు 1,000 నానోమీటర్ల దాకా చూడగలదు. కంటికి ఒకేలా కనబడే సిరా, మరక, కాగితం ఈ పరిధి అంతటా ఒకేలా ఉండవు. అవి ఎక్కడ విడిపోతాయో అక్కడ రాత బయటపడుతుంది. దీన్నే మల్టీస్పెక్ట్రల్ ఫోటోగ్రఫీ అంటారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆర్కిమిడీస్ గ్రంథాన్ని ఇలాగే చదివారు. పదో శతాబ్దపు రాతను గీకేసి, 13వ శతాబ్దంలో ప్రార్థనలు రాసుకున్న తోలు పుటలు అవి. ఆఫ్రికాలో కాగితం దొరకక అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1871లో పాత వార్తాపత్రిక మీద మొక్కల రంగుతో రాసుకున్న డైరీ కూడా ఈ పద్ధతికే లొంగింది. మన దేశానికే వస్తే, ఉడుపికి చెందిన, మధ్వాచార్యుల సర్వమూల గ్రంథాల తాటాకులను అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు పరారుణ కాంతిలో ఫోటోలు తీశారు.

ముందు నకలు వెతకండి

లైట్లు కొనేముందు కాగితాన్ని తిప్పి వెనకవైపు చూడండి. మన జిల్లాల్లో దస్తావేజుల రిజిస్ట్రేషన్ 1860లలోనే మొదలైంది. రిజిస్టరైన పత్రం వెనక నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు ఉంటాయి. ఆ మూడూ చదవగలిగితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పుటంతా వెలికితీసే శ్రమ లేకుండా ఆ ముద్ర ఒక్కటీ చదివితే పని తీరిపోయే సందర్భాలు ఉన్నాయి. రిజిస్టరు కానివి, నకలు దొరకనివి, ఇంటి లెక్కలు, ఉత్తరాలు, చేతి పద్దులు అయితే ఇక లైట్ల పనే.

సిరా ఏదో తేల్చుకోవడం

పంతొమ్మిదో శతాబ్దపు కాగితాల మీద నాకు ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. మొదటిది అన్నభేది సిరా. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నల్లబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపు విరిగి గోధుమరంగుకు, తర్వాత దాదాపు కాగితం రంగుకే వస్తుంది. రంగు పోయినా ఇనుము మాత్రం కాగితం పీచులోనే ఉంటుంది. అది అతినీలలోహిత కాంతిని గట్టిగా మింగుతుంది. పాత గుడ్డపీలికల కాగితం ఆ కాంతి పడితే మసకగా తనంతట తాను వెలుగుతుంది. ఇనుము ఉన్నచోట వెలగదు. అందుకే కంటికి ఖాళీగా కనబడే వరుసలో, వెలిగే కాగితం మీద చీకటి గీతలుగా అక్షరాలు తేలతాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. ఎన్నిసార్లు చూసినా పాతబడలేదు.

రెండోది మసి సిరా. దీపపు మసి, తుమ్మజిగురు కలిపినది. మసి అంటే కార్బన్. ఏ వెలుతురులో చూసినా నల్లగానే ఉంటుంది, ఎండకు వెలవదు. దాని శత్రువు నీరు. జిగురు కరిగి మసి కొట్టుకుపోతుంది, లేదా పైన మట్టి, టీ మరక, బూజు కమ్ముతాయి. ఇలాంటి పుటను పరారుణ కాంతిలో చూస్తే మరకలు చాలావరకు మాయమై మసి గీతలు నిలబడతాయి. అన్నభేది సిరా సరిగ్గా దీనికి విరుద్ధం. 700 దాటాక పలచబడుతూ, 1,000 నానోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు కనబడకుండా పోతుంది. కాబట్టి 940 నానోమీటర్ల దగ్గర ఒక్క ఫోటో తీస్తే ఈ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.

ఇరవయ్యో శతాబ్దపు బ్లూబ్లాక్ సిరాలో నీలిరంగుతోపాటు ఇనుము కూడా ఉండేది. తడిస్తే నీలం కొట్టుకుపోతుంది, ఇనుము మిగులుతుంది. దాన్ని అన్నభేది సిరాగానే చూడండి. ఊదారంగు కాపీయింగ్ పెన్సిలు, రబ్బరు ముద్రలు రసాయన రంగులు. వాటికి పచ్చ, పసుపు వెలుతురు, అంటే 530 నుంచి 590 మధ్య, బాగా పనిచేస్తుంది. మామూలు పెన్సిలు గ్రాఫైటు కనుక పరారుణంలో చూడాలి.

ఒక పరీక్ష కాగితం తయారు చేసి పెట్టుకోవడం నా దృష్టిలో తప్పనిసరి. పూర్ణా మార్కెట్‌లో కరక్కాయలు తెచ్చి దంచి, నానబెట్టి, వడగట్టి, కొద్దిగా అన్నభేది కలపండి. దీపపు మసితో రెండో సిరా చేయండి. పాత లెక్కల పుస్తకంలోని ఖాళీ కాగితం మీద ఈ రెండింటితోనూ, బ్లూబ్లాక్‌తోనూ, పెన్సిలుతోనూ ఒకే మాట రాసి, సగం మీద టీ పోసి ఆరబెట్టండి. ప్రతిసారీ అసలు పత్రం కన్నా ముందు దీన్ని అన్ని లైట్ల కిందా తీయండి. ఏ లైటు ఏం చేస్తుందో మీ కళ్లతో చూస్తారు, ప్రయోగాలన్నీ అసలు పత్రం మీద పడవు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. సిరా పొర పొరగా రాలిపోయిన చోట, నీటికి పూర్తిగా కొట్టుకుపోయిన చోట, చెద తిన్న చోట ఏ లైటూ అక్షరాన్ని తిరిగి తేలేదు. మిగిలి ఉన్నదాన్ని చూపించడమే ఈ పద్ధతి చేయగలిగింది.

తక్కువ ఖర్చుతో మొదలు

అతినీలలోహిత కాంతికి ప్రత్యేకమైన కెమెరా అక్కర్లేదు. కాగితం నుంచి వచ్చే వెలుగు కంటికి కనబడే వెలుగే కనుక మామూలు కెమెరా, మంచి ఫోను కూడా సరిపోతాయి. కావలసింది పూర్తి చీకటి గది, 365 నానోమీటర్ల టార్చి. బజారులో నోట్లు పరీక్షించడానికి అమ్మే చవక టార్చిలు చాలావరకు 395వి. వాటి ఊదా వెలుగు కాగితం మసక వెలుగును మింగేస్తుంది. 365 టార్చిల్లో కూడా కొంత మామూలు వెలుగు కలిసి వస్తుంది కనుక ముందు నల్లటి గాజు ఫిల్టర్ ఉన్నదే కొనండి. జడ్‌డబ్ల్యూబీ2 అనే పేరుతో విడిగానూ దొరుకుతుంది. లెన్స్ ముందు అతినీలలోహితాన్ని అడ్డుకునే లేతపసుపు ఫిల్టర్ పెట్టండి.

గదిలో ఇంకేం వెలుగుతున్నాయో చూసుకోండి. ఉతికిన తెల్ల చొక్కాలో డిటర్జెంటు వదిలిన మెరుపు రసాయనం ఈ లైటుకు నీలంగా భగ్గుమంటుంది. ఆ నీలం పత్రం మీద పడి రాతను కప్పేస్తుంది. ఇప్పటి ప్రింటర్ కాగితం కూడా అంతే. ముదురు రంగు బట్టలు వేసుకుని, పత్రం కింద వెలగని నల్ల కాగితం పరచండి. అతినీలలోహితాన్ని ఆపే కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి. పత్రానికి కూడా ఈ కాంతి మంచిది కాదు. కెమెరా సిద్ధం చేసుకున్నాకే లైటు వేసి, ఫోటో పూర్తికాగానే ఆర్పండి.

పూర్తి ఏర్పాటు

పరారుణానికి వెళ్లాలంటే కెమెరా మార్చాలి. సెన్సార్ ముందు పరారుణాన్ని ఆపే గాజు ఉంటుంది. దాన్ని తీయించిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ గానీ, ఆ గాజు లేకుండానే వచ్చే రాస్ప్‌బెరీ పై నోఐఆర్ కెమెరా గానీ చాలు. మీ దగ్గరున్న కెమెరా ఎంత చూస్తుందో తెలియాలంటే టీవీ రిమోట్ బటన్ నొక్కి దాని కొనను కెమెరాలో చూడండి. రిమోట్ వెలుగు ప్రకాశంగా కనబడితే ఆశ ఉన్నట్టే. రంగులు గుర్తించని మోనోక్రోమ్ కెమెరా దొరికితే అంతకన్నా మంచిది. రంగు కెమెరాలో ఎర్ర లైటు కింద పిక్సెళ్లలో నాలుగో వంతే సరిగా పనిచేస్తాయి. 850 దాటాక మాత్రం అన్నీ సమానంగా చూస్తాయి.

లైట్లుగా 365, 450, 530, 590, 630, 730, 850, 940 నానోమీటర్ల ఎల్‌ఈడీలు చాలు. పత్రానికి రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో ఒక్కో పలకను అమర్చి, ఒక్కో రంగుకు విడి స్విచ్ పెట్టుకోండి. పాత ఫోటో లైట్ల వేడికి కాగితం వంకర తిరుగుతుంది. వాటి జోలికి పోవద్దు. లెన్స్ 50 లేదా 60 మిల్లీమీటర్ల మాక్రో అయితే మంచిది. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో నిండుగా పట్టించిన ఫుల్‌స్కేప్ కాగితానికి అంగుళానికి 450 పిక్సెళ్ల దాకా వస్తాయి. చేతిరాతకు అది చాలు. కెమెరా సమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి పత్రం పెట్టే చోట చిన్న అద్దం పెట్టండి. లెన్స్ ప్రతిబింబం ఫ్రేము మధ్యలో కనబడితే సరిగా ఉన్నట్టు.

తెల్లదనానికి కొలత కోసం ప్రయోగశాలల్లో ఖరీదైన పలకలు వాడతారు. గ్యాస్కెట్లు అమ్మే కొట్టులో దొరికే టెఫ్లాన్ షీటు ముక్క ఈ పరిధి అంతటా దాదాపు సమానంగా తెల్లగా ఉంటుంది. నేను అదే వాడుతున్నాను.

మన ఊళ్లో పెద్ద సమస్య తేమ. బయటి నుంచి తెచ్చిన కాగితాన్ని ఏసీ గదిలో పెట్టగానే అది మెల్లగా కుంచించుకుంటుంది. మొదటి ఫోటోకూ చివరి ఫోటోకూ మధ్య అక్షరాలు జరుగుతాయి. అందుకే పత్రాన్ని ముందురోజే ఆ గదిలో తెరిచి ఉంచండి. తడిసినది ఉంటే పూర్తిగా ఆరేదాకా ఆగండి. వీలైతే డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. కాగితాన్ని చదును చేయడానికి ఇస్త్రీ చేయవద్దు, టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు, ప్లాస్టిక్ పొర ఈ లైట్లలో తమ సొంత వెలుగునూ మెరుపునూ చూపించి అక్షరాలను దాచేస్తాయి, తీయబోతే సిరా కూడా వచ్చేస్తుంది. అంచుల మీద చిన్న మఖ్మల్ సంచుల్లో బియ్యం పోసి బరువుగా పెడితే చాలు.

ఫోటోలు తీయడం

అంతా మాన్యువల్‌లో, రా ఫైలుగా, ఎఫ్8 దగ్గర, తక్కువ ఐఎస్‌ఓలో. ప్రతి రంగుకూ షట్టర్ సమయం వేరుగా కుదుర్చుకోండి. కాగితం తెలుపు హిస్టోగ్రాములో కుడి అంచును తాకకుండా దగ్గరగా ఉండాలి. అతినీలలోహితానికి చాలా సెకన్లు పట్టవచ్చు. కేబుల్‌తో గానీ టైమర్‌తో గానీ నొక్కండి.

ఫోకస్ ఇక్కడ మోసం చేస్తుంది. పరారుణ కిరణాలు లెన్స్‌లో వేరేచోట కేంద్రీకృతమవుతాయి. పాత లెన్సుల మీద ఫోకస్ గీత పక్కన చిన్న ఎర్ర గీత ఉండేది ఇందుకే. ప్రతి రంగుకూ తెరమీద పెద్దది చేసి మళ్లీ ఫోకస్ చూసుకోండి. దానివల్ల బొమ్మ పరిమాణం వెంట్రుకవాసి మారినా తర్వాత కంప్యూటర్‌లో సరిచేయవచ్చు. పత్రం తర్వాత అదే చోట టెఫ్లాన్ షీటు పెట్టి, అతినీలలోహితం తప్ప (టెఫ్లాన్ ఆ కాంతికి వెలగదు) అన్ని రంగుల్లోనూ మళ్లీ తీయండి. లైటు ఒకవైపు ఎక్కువ పడటం లాంటివి సవరించడానికి ఇవి కావాలి.

వెనకవైపు కూడా తీయండి. రాత ఇవతలికి దిగివుంటే తేడా పట్టడానికి అది అవసరం. పలచని కాగితమైతే కింది నుంచి లైటు వేసి ఒకటి తీయండి. అన్నభేది సిరాలోని ఆమ్లం కాగితాన్ని తినేసి పలచన చేస్తుంది. రంగు పూర్తిగా పోయినా ఆ చోట్ల వెలుతురు ఎక్కువగా దూరి అక్షరాల ఆకారం కనబడవచ్చు. స్టాంపు కాగితంలోని నీటిగుర్తు కూడా అలాగే తెలుస్తుంది.

తాటాకుల సంగతి వేరు. గంటంతో గీసిన గీతలో మసి రాస్తారు. మసి పోయినా గీత ఉంటుంది. దానికి ఒక పక్క నుంచి, ఆకుకు దాదాపు సమాంతరంగా లైటు వేస్తే గీతల నీడలే అక్షరాలు చూపిస్తాయి. ఆకు నల్లబడి మసి మిగిలి ఉంటే పరారుణం. నిమ్మగడ్డి నూనె రాసే ఆలోచన ఉంటే ఫోటోలు తీశాకే రాయండి.

కంప్యూటర్ మీద

ఇమేజ్‌జే అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ఫిజీ అనే కూర్పులో కావలసిన పనిముట్లు కలిసే వస్తాయి. ముందు, అతినీలలోహిత ఫోటో తప్ప, ప్రతి పత్రం ఫోటోను అదే రంగులో తీసిన టెఫ్లాన్ ఫోటోతో భాగించండి. తర్వాత అన్నిటినీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టండి. ఇందులో తొందరపడితే తర్వాతదంతా వృథా. రెండు ఫోటోలను మార్చి మార్చి చూస్తే ఏ అక్షరమూ గెంతకూడదు.

అప్పుడు తేలిక దారి ముందు. ఎర్ర లైటు ఫోటోను ఎరుపు పొరలో, అతినీలలోహిత ఫోటోను పచ్చ, నీలం పొరల్లో పెట్టండి. ఆర్కిమిడీస్ గ్రంథానికి వాడిన దారి ఇదే. వెలిసిన అన్నభేది సిరా ఎర్రగా, గట్టి సిరా నల్లగా విడిపోతాయి. గోధుమ మరక మీది రాతకైతే 630 ఫోటోను విడిగా చూడండి. మరక ఎర్రవెలుతురులో పలచబడుతుంది, సిరా ఇంకా కొంత నిలుస్తుంది.

అప్పటికీ తేలకపోతే ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్. అన్ని ఫోటోల్లో ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒక చిత్రంగా, మిగిలిన తేడాలను వరుసగా వేర్వేరు చిత్రాలుగా అది విడగొడుతుంది. మొదటి చిత్రంలో వెలుగునీడలే ఉంటాయి. రాత ఎక్కువగా రెండు నుంచి నాలుగో చిత్రాల్లో దొరుకుతుంది. ఒక్క కిటుకు. లెక్క మొత్తం పుట మీద చేయించకండి. సిరా, మరక, ఖాళీ కాగితం మూడూ ఉన్న చిన్న చతురస్రం ఎంచుకుని దాని మీద చేయించి, ఫలితాన్ని పుటకంతటికీ వర్తింపజేయండి. మడతలు, అంచులు లెక్కలోకి రాకపోతే అక్షరాలకు బలం వస్తుంది.

చదవడం

దస్తావేజు భాషకు ఒక మూస ఉంది. "వ్రాయించి యిచ్చిన దస్తావేజు ఏమనగా" అని మొదలవుతుంది, చెక్కుబందీలో, అంటే హద్దుల వివరంలో, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వస్తాయి. ఈ తెలిసిన మాటలను కొలబద్దగా వాడుకోండి. ఏ చిత్రంలో "తూర్పు" స్పష్టంగా ఉందో ఆ చిత్రాన్నే పక్కనున్న పేరుకు నమ్మండి. అదే రాయసగాడు "త" కొమ్ము ఎలా తిప్పాడో, గొలుసుకట్టులో ఏ అక్షరాన్ని ఏ అక్షరంతో ఎలా కలిపాడో అక్కడ నేర్చుకుని, తెలియని మాటకు వెళ్లండి.

తారీకులో కూడా ఇలాంటి సాయం ఉంది. ఒక పత్రంలో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరం ౧౨౯౯ లాగా కనబడింది, మూడో అంకె ౮ కూడా కావచ్చు. అతినీలలోహిత ఫోటోలో దాని పైవరుసలో "విరోధి నామ" అన్న మాట తేలింది. ఫసలీకి 590 కలిపితే 1299 అంటే 1889లో మొదలైన ఏడాది, అది విరోధి. 1289 అయితే 1879, అది ప్రమాథి. అంకె మీద సందేహం అలా తీరింది.

కానీ మూస తెలుసు కదా అని కనబడని చోట మాట నింపవద్దు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఫోటోలను "మెరుగుపరిచే" కృత్రిమ మేధ ఆప్‌లు లేని గీతను కల్పించి అందంగా చూపిస్తాయి. భూమి హద్దు మీద, వారసుడి పేరు మీద అది అన్యాయమవుతుంది. స్పష్టంగా ఉన్నదాన్ని మామూలుగా, సందేహం ఉన్న అక్షరాన్ని చతురస్ర బ్రాకెట్లో, కనబడనిదాన్ని చుక్కలతో రాయండి. గొలుసుకట్టు వచ్చిన మరొకరితో, మీ పాఠం చూపించకుండా, విడిగా చదివించి రెండూ పోల్చండి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఆ రాత నేర్చుకునేవారు తగ్గిపోయారు. చదవగలిగిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటే ఈ పని వాయిదా వేయకండి.

కుటుంబానికి ఇచ్చేటప్పుడు రా ఫైళ్లన్నీ, సరిచేసిన చిత్రాలు, ఏ చిత్రం మీద ఏం చేశారో వరుసగా రాసిన కాగితం మూడూ కలిపి ఇవ్వండి. ఎవరైనా అడిగితే మొదటి నుంచి మళ్లీ చేసి చూపించగలగాలి. రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచమని చెప్పండి. చిత్రం బాగా వచ్చింది కదా అని అసలు పత్రాన్ని పారేయనివ్వకండి. రేపు ఇంకా మంచి పరికరం వస్తే దానికి కావలసింది ఆ కాగితమే. ఆమ్లం లేని కాగితపు కవరులో, మడతలు విప్పి, ప్లాస్టిక్ సంచి లేకుండా, బయటి గోడకు ఆనని బీరువా మధ్య అరలో పెట్టమనండి. వానలు వెళ్లాక ఏటా ఒకసారి తెరిచి బూజు, చెద ఉన్నాయేమో చూసుకోమనండి.